పద్యం తెగని పరుగు

గత సంక్రాంతి వెళ్లిన వారానికి చేయించుకున్న రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ, అంటే రక్తంలో చక్కెర సగటును చూపే లెక్క, 6.2 శాతం అని వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అనీ, 6.5 నుంచి మధుమేహమే అనీ లెక్క. నాకు 47 ఏళ్లు, బరువు 84 కిలోలు, ఉద్యోగం పొద్దస్తమానం కుర్చీలో. పైగా మా నాన్నగారు చివరి రోజుల వరకు చక్కెర వ్యాధితోనే బతికారు. వైద్యుడు అప్పటికి మందు రాయకుండా, ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, గుండెకు ఇబ్బంది లేదని తేలిన తర్వాత, "వారానికి మూడు రోజులు పరుగెత్తండి, కానీ నెమ్మదిగా" అన్నారు. ఆ చివరి మాట నేను చెవిన పెట్టలేదు.

మొదటి రోజు మా నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, పదో తరగతి నాటి వేగం ఇంకా కాళ్లలో ఉందన్న భ్రమతో బయలుదేరి, రెండు వందల మీటర్లు పోకముందే నడుము పట్టుకుని నిలబడిపోయాను. రోజూ నడకకు వచ్చే పెద్దాయన ఒకరు "ఏందబ్బయ్యా, ఎనకాల కుక్కేమన్నా పడిందా?" అని అడిగి తన దారిన తాను వెళ్లిపోయారు. అయినా బుద్ధి రాలేదు. ఆయాసం కాస్త తగ్గగానే దూరం రెట్టింపు చేశాను. మూడో వారానికి కుడికాలి ముందు ఎముక లోపలి అంచు వెంబడి, వేలితో నొక్కితే జానెడు మేర సలుపు పుట్టింది. ఫిజియోథెరపిస్టు నా బూట్లు తిప్పి, నున్నగా అరిగిపోయిన మడమ చూపించి, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే శ్రమకు అలవాటు పడతాయనీ, ఎముకలకూ స్నాయువులకూ నెలలు పడుతుందనీ, ఆ తేడా తెలియనివాళ్లకే ఈ నొప్పి వస్తుందనీ చెప్పారు. మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను.

మార్చిలో కొత్త బూట్లతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిది సార్లు మాత్రమే. పరుగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితేనే వేగం సరైనదని ఒక కొలత ఉంది. మాట్లాడడానికి తోడెవరూ లేక, బడిలో కంఠస్థం చేసిన ఆటవెలది ఒకటి గొణుక్కునేవాణ్ని. నాలుగు పాదాలూ తెగకుండా వస్తే సరే, రెండో పాదంలోనే ఊపిరి చాలకపోతే వేగం తగ్గించాలి. గడియారాలు, యాప్‌లు తర్వాత కొన్నాను గానీ, వాటిలో ఏదీ ఆ పద్యమంత నమ్మకంగా పనిచేయలేదు.

నెమ్మదిగా పరుగెత్తితే ఏం లాభమన్న సందేహం నాకూ ఉండేది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. పరుగు ఆగాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఆ కండరాలపై ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. రోజు విడిచి రోజు పరుగెత్తమన్నది అందుకే. అమెరికాలో 55,137 మందిని సగటున 15 ఏళ్లు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పరుగెత్తేవాళ్లలో గుండె జబ్బు, పక్షవాతం లాంటి వాటి వల్ల మరణించే ముప్పు 45 శాతం తక్కువగా కనిపించింది. వారానికి 51 నిమిషాలలోపు పరుగెత్తినవాళ్లకూ మేలు కనిపించింది. ఆరోగ్యం బాగున్నవాళ్లే పరుగుకు దిగుతారు కనుక ఆ లెక్కనంతా పరుగు ఖాతాలో వేయలేమన్నది నా అభిప్రాయం. మోకాళ్లు అరిగిపోతాయని మా బావమరిది పెట్టిన భయానికి మాత్రం 2017లో వచ్చిన ఒక సమీక్ష జవాబు చెప్పింది: ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం. పోటీల్లో పరుగెత్తేవాళ్లలో మాత్రం అది 13.3.

కర్తరి రోజుల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే బయలుదేరినా, చొక్కా పిండితే నీళ్లు కారేవి. రొట్టెల పండగప్పుడు చెరువు దగ్గర కాలు పెట్టే చోటుండదు కనుక ఆ వారం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి మారాను. ఆగస్టులో మొదటిసారి ఆగకుండా 5 కిలోమీటర్లు, 43 నిమిషాల్లో పూర్తయింది.

ముందుగా మారింది బరువు కాదు, నాడి. పొద్దున మంచం మీద నుంచి లేవకముందే మణికట్టు పట్టుకుని లెక్కపెట్టేవాణ్ని. మార్చిలో నిమిషానికి 82 ఉన్నది ఆగస్టుకు 68 అయింది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపగలిగితే అన్నిసార్లు కొట్టుకోనక్కర్లేదు. రాత్రి పడుకోగానే నిద్ర పట్టడం రెండో మార్పు. బరువు మాత్రం నాలుగు కిలోలే తగ్గింది, అదీ రాత్రి పూట మొలగొలుకుల అన్నం మానినందుకేమోనని నా అనుమానం.

హెచ్‌బీఏ1సీ గడచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది కనుక తొందరపడి లాభం లేదు. జూన్‌లో 6.0, అక్టోబరులో 5.7 వచ్చాయి. అంటే ఇంకా గీత మీదే ఉన్నాను. మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామన్నారు వైద్యుడు. ఆ పరీక్ష అరిసెలకు ముందా, తర్వాతా అని మా ఆవిడ అడుగుతోంది. ఇంకా తేల్చుకోలేదు.