ఫోన్ తిరిగిచ్చాకే నోరు విప్పింది

మా అమ్మాయికి పదిహేనేళ్లు. నెల రోజులుగా బడికి బయల్దేరే వేళకి కడుపునొప్పి అనేది. సెలవు రోజున మాత్రం ఉండేది కాదు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. సాకులు చెబుతోందనుకుని కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఓ రాత్రి రెండింటికి దుప్పటి కింద వెలుగు కనిపిస్తే ఫోన్ లాక్కుని చూశాను. తన ఫొటోతో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ ఖాతా తెరిచారు. ఒంటి గురించి రాయకూడని రాతలు. వాటికి నవ్వుబొమ్మలు పెట్టినవాళ్లలో మా ఇంటికొచ్చి చదువుకున్న పిల్లలూ ఉన్నారు.

కోపంలో ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కౌన్సెలర్ దగ్గరికెళ్తే ఆవిడ అన్నారు: "రాతలు ఆగలేదమ్మా, తనకి కనబడటం ఆగింది. ఇప్పుడేమంటున్నారోనని ఊహించుకుంటూ కూర్చుంటోంది. ఫోన్ లాక్కుంటారనే చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు."

ఇంటికొచ్చి ఫోన్ చేతిలో పెట్టాను. అప్పుడు ఏడ్చింది, అంతా చెప్పింది.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని ముందు స్క్రీన్‌షాట్లు తీశాం. ఖాతా పేరు, తేదీ, లింకు కనబడేలా. ఖాతా తీసేస్తే సాక్ష్యం కూడా పోతుంది కాబట్టి రిపోర్టు ఆ తర్వాతే. మరొకరి పేరుతో నటిస్తున్నారన్న విభాగంలో పెట్టాం. ఎవరు రిపోర్టు చేశారో అవతలివాళ్లకి చెప్పరని తెలిశాకే బటన్ నొక్కింది. తోటి పిల్లల్ని బ్లాక్ చేస్తే ఇంకా రెచ్చిపోతారని దాని భయం. ఇన్‌స్టాగ్రామ్‌లో 2019 నుంచి ఉన్న రిస్ట్రిక్ట్ దానికి సరిపోయింది. తన పోస్టుల కింద వాళ్లు పెట్టే కామెంట్లు వాళ్లకే కనిపిస్తాయి, ఆపినట్టు వాళ్లకి తెలియదు.

బడిలో "పిల్లల సరదా" అన్నారు. బడి వేధింపులపై జీవితమంతా పరిశోధించిన డాన్ ఓల్వియస్ వేధింపుకి మూడు గుర్తులు చెప్పారు: కావాలని చేయడం, పదేపదే చేయడం, అవతలివాళ్లు ఎదుర్కోలేని స్థితిలో ఉండటం. ఒక్కసారే పెట్టారుగా అన్నారు టీచరు. పెట్టింది ఒక్కసారే కావచ్చు, కానీ చూసిన ప్రతివాడి కళ్లముందూ నా బిడ్డ మళ్లీ అవమానపడింది కదా! స్క్రీన్‌షాట్లు బల్ల మీద పెట్టాకే ఆ పిల్లల తల్లిదండ్రుల్ని పిలిపించారు.

ఖాతా పోయి రెండు నెలలైంది. నిద్ర కాస్త పడుతోంది. ఫోన్ మోగితే మాత్రం చెయ్యి ఇంకా కడుపు మీదికే వెళ్తోంది. వారం వారం కౌన్సెలింగ్‌కి వెళ్తూనే ఉన్నాం.