ఉద్యమంలోకి వెళ్తానని ఇంట్లో చెప్పే ముందు

అమెరికాలో పెరిగిన, లేదా చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలు పర్యావరణ ఉద్యమంలో పనిచేస్తామనగానే ఇంట్లో వినిపించే మొదటి మాట “మనకెందుకురా ఇవన్నీ” అనే. దానికి జవాబుగా భూమి వేడెక్కడం గురించి ఉపన్యాసం మొదలుపెడితే గొడవే మిగులుతుంది. అమ్మానాన్నల దిగులు వేరు: వీసా స్టేటస్ పోతుందేమో, జీతం ఆగిపోతుందేమో. ఆ రెండు భయాలూ న్యాయమైనవే. వాటికి జవాబు కాగితాల్లో చూపించాలి.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు మొదటి 12 నెలల ఓపీటీలో, అంటే చదువుకు సంబంధించిన పని చేసుకోవడానికిచ్చే అనుమతిలో, కాస్త వెసులుబాటు ఉంది. చదువుకు సంబంధించిన పనైతే, జీతం లేకుండా వారానికి కనీసం 20 గంటలు చేసినా ఉద్యోగం కిందే లెక్క. మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల డిగ్రీలవాళ్లకు దొరికే తర్వాతి 24 నెలల స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం తప్పనిసరి, సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే అర్హత ఉందో లేదో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక ఫారం మీద సంతకం పెట్టాలి. చిన్న సంస్థలతో చిక్కంతా ఇక్కడే. ఆఫర్ వచ్చాక కాదు, ఇంటర్వ్యూలోనే అడిగేయండి. మీ డిగ్రీ స్టెమ్ కిందకి వస్తుందో రాదో దాని పేరును బట్టి తేల్చుకోవద్దు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీదున్న సీఐపీ కోడ్ (చదివిన సబ్జెక్టుకిచ్చే నంబరు) చూడండి.

హెచ్-1బి (ఉద్యోగ వీసా) విషయంలో చాలామంది పొరబడతారు. లాభాపేక్ష లేని సంస్థ అయినంత మాత్రాన, ఆ వీసా ఎవరికో తేల్చే లాటరీ తప్పిపోదు. యూనివర్సిటీలు, వాటి అనుబంధ లాభాపేక్ష లేని సంస్థలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు మాత్రమే ఏటా ఇచ్చే 85,000 వీసాల పరిమితికి బయట ఉంటాయి. నదుల్లో కాలుష్యాన్ని కొలిచే యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరితే పనికి పనీ అవుతుంది, లాటరీ బెడదా ఉండదు.

అరెస్టు విషయంలో నా మాట ఖరాకండిగానే ఉంటుంది: పౌరసత్వం లేనివాళ్లు కావాలని అరెస్టయ్యే కార్యక్రమాల్లో కూర్చోకూడదు. కేసు కొట్టేసినా సరే, వీసాకి పెట్టే డీఎస్-160, పౌరసత్వానికి పెట్టే ఎన్-400 రెండూ ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే అడుగుతాయి. కేసు తేలకముందే వీసా రద్దయ్యే ప్రమాదమూ ఉంది. అనుమతి ఉన్న ఊరేగింపులోనైనా, చెదిరిపొమ్మని పోలీసులు ప్రకటించగానే బయటికి వచ్చేయాలి. ఇమిగ్రేషన్ లాయరు నంబరు చేతి మీద రాసుకోండి, ఫోన్ లాక్కుంటే అదే దిక్కు. ముసాయిదా నిబంధనల మీద అభిప్రాయాలు పంపడం, పర్మిట్ల ఫైళ్లు చదివి తప్పులు పట్టడం, పత్రికలకు వివరాలు అందించడం చిన్న పనులేమీ కావు. వాటికి పౌరసత్వంతో పనిలేదు కూడా.

ఇక జీతం. సంస్థ ఎంతకాలం నిలబడుతుందో ఫారం 990, అంటే లాభాపేక్ష లేని సంస్థలు ఏటా సమర్పించే లెక్కల పత్రం, చూస్తే తెలుస్తుంది, అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో దొరుకుతుంది. పార్ట్ 10లో 27వ వరుస, అంటే దాతల షరతులు లేని నికర ఆస్తి, తీసుకోండి. అందులోంచి భూములు, భవనాల విలువ తీసేయండి, జీతాలివ్వడానికి భవనం పనికిరాదు కదా. మిగిలినదాన్ని నెల ఖర్చుతో, అంటే పార్ట్ 1లో 18వ వరుసలోని ఏడాది ఖర్చులో పన్నెండో వంతుతో, భాగించండి. విరాళాలు ఆగిపోయినా ఎన్ని నెలలు నెట్టుకురాగలరో ఉజ్జాయింపుగా వస్తుంది. మూడు నెలల కన్నా తక్కువుంటే నేనైతే చేరమని చెప్పను. ఆ కాగితం నాన్నగారి ముందు పెట్టి, లెక్క ఆయన చేతే వేయించండి. 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఉండొచ్చన్న సంగతీ అప్పుడే చెప్పండి.

ఇంటికి డబ్బు పంపే అలవాటు ఉంటే, కొత్త జీతంలో ఎంత పంపగలరో చేరకముందే చెప్పి, ఆ మొత్తం నెలనెలా దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి. చెప్పకుండా తగ్గిస్తే, తగ్గిన ప్రతి డాలరుకూ ఇంట్లోవాళ్లు ఉద్యమాన్నే తప్పుపడతారు.