బుడమేరు నీళ్లు, మా మెట్లు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. తెల్లారేసరికి విజయవాడ సింగ్‌నగర్‌లో బుడమేరు వాగు వరదకు మా ఇంటి మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను పై వాటాలోకి ఎలా ఎక్కించామో మాకే తెలుసు. ఆ టెన్షన్‌లో ఎవరిని పిలవాలో కూడా తోచలేదు. మెయిన్ రోడ్డు దాకా పడవలొచ్చాయి, మా సందులోకి రావడానికి మర్నాడు సాయంత్రమైంది.

తర్వాత 2005 విపత్తు నిర్వహణ చట్టం గురించి చదివాను. దాని ప్రకారం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు ప్రధాని, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టర్ అధ్యక్షులు. జిల్లాలో కలెక్టర్ పక్కన స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన ప్రతినిధి సహ అధ్యక్షుడిగా ఉండాలట. ఇది నాకు అసలు తెలియదు. కానీ సబబే అనిపించింది, ఎందుకంటే ఏ సందులో పడవ తిరగదో ఢిల్లీకి తెలియదు, వార్డు మనిషికి తెలుస్తుంది.

అందరూ వచ్చారు, నిజం. ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పడవలు, ఆహారం జారవిడిచిన హెలికాప్టర్లు, డ్రోన్లు, బుడమేరు గట్టుకు పడిన గండి పూడ్చడానికి సైన్యం. వేరే ఊళ్ల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు, ఇళ్లలో బురద కడిగిన ఫైరింజన్లు. వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. కానీ శనివారం రాత్రి ఒక్క మైకు మా వీధిలో తిరిగి ఉంటే అమ్మ మందులైనా చేతిలో ఉండేవి.

ఈ వానాకాలానికి ముందే మా సందులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసి వార్డు సచివాలయంలో ఇచ్చాను. మీ వీధిలోనూ ఎవరైనా రాయండి.