కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

మొత్తానికి మా పాత ఫోర్డ్ మస్టాంగ్ కారు అమ్మేశాను. డాలస్ నుంచి న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ దాకా దాదాపు 650 మైళ్లు నడుపుకుంటూ వెళ్లి, కొన్నాయన చేతిలో తాళాలు పెట్టి, విమానంలో ఇంటికొచ్చాను. ట్రక్కు మీద ఎక్కించి పంపేయొచ్చుగా అని అందరూ అన్నారు. నాలుగేళ్లు కొడుకులా చూసుకున్న బండిని ఎవరో గొలుసులతో కట్టి లాక్కెళ్తుంటే వాకిట్లో నిలబడి చూడటం నా వల్ల కాదు, అంతే.

బండి 1966 మోడల్, ఓపెన్ టాప్. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆరు సిలిండర్లే. నాకంటే ముందు ఓనరు ఆ ఇంజన్ పీకించి ఎనిమిది సిలిండర్ల 302 వీ8 పెట్టించాడు, ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు డిస్క్ బ్రేకులు వేయించాడు. నేను 21 వేల డాలర్లకు కొని, ఏసీ అని, అల్యూమినియం రేడియేటర్ అని, కొత్త టాప్ అని ఇంకో 13 వేలు పోశాను. జులైలో టెక్సస్ ఎండకి టాప్ తీసి తిరిగితే పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది, అందుకే ఏసీ. ఓపెన్ టాప్‌కి ఏసీ ఏంటని నవ్వినవాళ్లంతా ఎక్కగానే ముందు దాని గాలి తమవైపు తిప్పుకునేవాళ్లు.

రెండో పాప పుట్టాక బండి గరాజ్‌లోంచి బయటికి రావడం మానేసింది. ఆ కాలపు బండిలో నడుముకి కట్టుకునే బెల్టు తప్ప ఏమీ ఉండదు, పిల్లల సీటు బిగించే కొక్కేలు కూడా లేవు. మా ఆవిడ ఒక్కసారే అడిగింది, "ఇంకెన్నాళ్లు దుప్పటి కప్పి పెడతావు?" అని. ప్రకటన పెట్టాను. ఫోన్ చేసిన ప్రతివాడి మొదటి ప్రశ్న ఒకటే, ఇంజన్ ఒరిజినలేనా? కాదు అనగానే కొందరు పెట్టేసేవాళ్లు, మిగతావాళ్లు ఒక్క దెబ్బకి పదివేలు కోసేవాళ్లు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని మా నాన్న ఎద్దుల సంతనుంచి వచ్చినప్పుడల్లా అనేవాడు, దాని అర్థం ఇప్పుడు డాలర్లలో తెలిసింది. అల్బుకర్కీలో ఒక పెద్దాయన మాత్రం, "నడుపుకుంటూ తీసుకురా, దారిలో ఆగిపోకుండా వచ్చిందంటే అదే పెద్ద పరీక్ష. పెట్రోలు, తిరుగు టికెట్లు నావి" అన్నాడు.

గురువారం తెల్లవారుజామున నేనూ మా బావమరిదీ బయల్దేరాం. విచిటా ఫాల్స్, చిల్‌డ్రెస్ మీదుగా 287 రోడ్డు. గేర్లు మూడే, ఆటోమేటిక్. అరవై ఐదు దాటితే ఇంజన్ అరుపు తప్ప ఇంకేం వినపడదు, మాట్లాడుకోవాలన్నా సైగలే. ట్రక్కులు పక్కనుంచి దూసుకుపోతుంటే బండి ఇటు అటు ఊగుతోంది, వాడు మాత్రం జంతికలు నములుతూ హాయిగా ఉన్నాడు.

అమరిల్లో దాటగానే కాడిలాక్ రాంచ్. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం పది కాడిలాక్‌లను ముక్కులు భూమిలోకి, తోకలు ఆకాశంలోకి వరసగా పాతేసింది. వచ్చినవాళ్లంతా వాటి మీద రంగు కొడుతూనే ఉంటారు. ఒక డోరు అంచు దగ్గర రంగు పెచ్చు ఊడి ఉంటే వేలితో తడిమాను, పొర మీద పొర, వేలెడు మందం. "బావా, వీటికి ఇంజన్ ఒరిజినలేనా?" అన్నాడు వాడు. నవ్వాను కానీ కాస్త మండింది.

ఏడ్రియన్ అనే చిన్న ఊరు రూట్ 66 అనే పాత హైవేకి సరిగ్గా సగం. అటు షికాగో 1139 మైళ్లు, ఇటు లాస్ ఏంజెలెస్ 1139 అని బోర్డు ఉంటుంది. ఫోటో దిగి వెళ్లిపోయాం. న్యూ మెక్సికోలోకి రాగానే గడియారం ఒక గంట వెనక్కి వెళ్లింది.

టుకుంకారి చేరేసరికి పడమటి వైపు మబ్బు నల్లగా దిగింది. టాప్ వేద్దామని స్విచ్ నొక్కితే సగం లేచి, గొడుగు విరిగినట్టు గాల్లో నిలబడిపోయింది. అలాగే మెల్లగా పోనిచ్చి ఒక పెట్రోలు బంకు కప్పు కింద దూర్చామో లేదో, వాన మొదలైంది. టాప్‌ని లేపే పంపు వెనక సీటు వెనకాల ఉంటుంది. సీటు ఊడదీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే, పాత ఓనరు ఎప్పుడో పెట్టించిన స్టీరియో తాలూకు ఎర్త్ వైరునీ దీన్నీ ఒకే బోల్టుకి బిగించారు, ఆ బోల్టు కాస్తా వదులై ఊగుతోంది. బంకులో రెంచి అడిగి తెచ్చి బిగిస్తే టాప్ సాఫీగా లేచింది. ఆ రాత్రి అక్కడే మోటెల్‌లో పడుకున్నాం. పడుకున్నామన్న మాటే గానీ, నేను రెండుసార్లు లేచి కిటికీలోంచి బండిని చూశాను.

మర్నాడు పెద్దాయన బండిని గంటన్నర చూశాడు. బానెట్ ఎత్తి, ఎడమ పక్క రేకు మీద కొట్టిన నంబరుని వేలితో తడుముతూ చదివాడు. ఆరు అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బార్న్ ఫ్యాక్టరీ, సున్నా ఎనిమిది అంటే ఓపెన్ టాప్, టీ అంటే ఆరు సిలిండర్లు. "నిజమే చెప్పావు" అన్నాడు. తర్వాత లోపల్నించి జగ్గుతో నీళ్లు తెచ్చాడు. ముందు అద్దం కింద గాలి కోసం గాట్లుంటాయి, వాటి కింద తొట్టి. ఆకులు చేరి తుప్పు పట్టిందంటే నీళ్లు కాళ్ల మీదికి కారతాయి, ఈ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. జగ్గు మొత్తం గాట్లలో పోసి, ఆ వయసులో డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చ్ వేశాడు. నేను ఊపిరి బిగబట్టాను. కుడివైపు పొడిగా ఉంది. ఎడమవైపు ఒక చుక్క, ఒకే ఒక్క చుక్క, మెల్లగా జారి కార్పెట్ మీద పడింది.

"నిన్న వానలో తడిసిన నీళ్లేమో" అన్నాను. నాకే నమ్మకం కలగలేదు.

ఆ చుక్క ఖరీదు 500 డాలర్లు. ఏసీ వేసుకుని బ్రహ్మాండం అన్నాడు గానీ దానికి పైసా కలపలేదు. ఎర్త్ వైరు సంగతి కూడా చెప్పేశాను, దానికి మాత్రం ఏమీ తగ్గించలేదు, నవ్వాడు. 29 వేలు అడిగాను, 26,500 దగ్గర తెగింది. ఆయన బ్యాంకుకే వెళ్లి, బ్యాంకే పూచీ పడే క్యాషియర్స్ చెక్కు నా కళ్లముందు రాయించాకే టైటిల్ మీద, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం మీద, సంతకం పెట్టాను. ఇలాంటి వ్యవహారాల్లో మొహమాటం పనికిరాదు, చెక్కు ఇంట్లో ఇస్తే దొంగదో అసలుదో ఎవడికి తెలుసు? డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి బొమ్మ తీస్తే గమ్ము మరక మిగిలింది. తుడవబోతే, ఉండనీ అన్నాడు.

టెక్సస్‌లో అమ్మినవాళ్లు నంబరు ప్లేట్లు విప్పి తమ దగ్గరే ఉంచుకోవడం మంచిది. విప్పి చేతి బ్యాగులో పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో ఒకావిడ బ్యాగు తెరిచి ప్లేట్లు పైకి తీసి, మరి కారేదీ అంది.

"ఇందాకే అమ్మేశాను. 66 మస్టాంగ్, ఓపెన్ టాప్."

ఆవిడ కళ్లు మెరిశాయి. "అబ్బ! ఇంజన్ ఒరిజినలేనా?"