రియాక్టివ్

గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, చిన్న ఆపరేషన్ చాలన్నారు. 2022 ఆగస్టులో కర్నూలులోనే ఒక నర్సింగ్‌హోంలో రక్తపరీక్షలు చేయించాం. మర్నాడు రిపోర్టులో ఒక్క లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. హెచ్‌సీవీ: రియాక్టివ్. కౌంటర్లో అమ్మాయి ఆ కాగితాన్ని వేళ్ల కొసలతో నా వైపు జరిపి, "ఇక్కడ చేయరమ్మా, హైదరాబాద్ పోండి" అంది. ఎందుకని అడిగితే పక్కవాళ్లతో మాట్లాడసాగింది. ఆటో రాజ్‌విహార్ దాటేదాకా మా ఆయనా నేనూ నోరెత్తలేదు.

హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్, రియాక్టివ్ అంటే రక్తంలో దాని జాడ దొరికిందని. కాలేయాన్ని పాడుచేసే ఆ జబ్బు నాకెందుకొస్తుంది? బడిలో తెలుగు చెప్పుకునేదాన్ని. కళ్లు ఒక్కనాడూ పచ్చబడలేదు. అలసట ఉండేది, అది వయసనుకున్నాను.

లివర్ డాక్టరు అడిగిన మొదటి మాట: "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అమ్మా?"

1988. చిన్నది పుట్టాక రక్తస్రావం ఆగలేదు. రెండు సీసాలు ఎక్కించారు, బతికాను.

ఎవరినో ఒకరిని తిట్టుకుందామనే వెళ్లాను. ఆయన చెప్పింది విన్నాక ఆ వీలు కూడా లేకపోయింది. ఆ ఏడాది ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనూ ఆ వైరస్‌కు పరీక్ష లేదు, పేరూ లేదు. అమెరికాలో హార్వే ఆల్టర్ అనే డాక్టరు రక్తం ఎక్కించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూశాడు. హెపటైటిస్ ఏ కాదు, బి కాదు, మరేదో కాలేయాన్ని పాడుచేస్తోందని 1970ల్లో తేలింది. దాన్ని 'నాన్-ఏ, నాన్-బి' అన్నారు. ఫలానా కాదు అన్నదే పేరు! తెలుగు టీచర్ని, ఆ కుర్చీలో కూర్చునే నవ్వాను. 1989లో మైకేల్ హౌటన్ అనే శాస్త్రవేత్త బృందం వైరస్ జన్యువు ముక్కను పట్టుకుంది, పరీక్ష వచ్చింది. ఆల్టర్ దాచిపెట్టిన పాత రక్తం నమూనాలు అప్పుడు పనికొచ్చాయి. వీళ్లిద్దరికీ, చార్లెస్ రైస్ అనే మరో శాస్త్రవేత్తకూ కలిపి 2020లో నోబెల్ ఇచ్చారు. నాకైతే నోబెల్ కన్నా ఆ దాచిపెట్టడమే నచ్చింది. ఎప్పటికైనా పనికొస్తుందని మా అమ్మ కూడా ఏదీ పారేసేది కాదు.

రక్తం ఎక్కింది కాన్పు అయ్యాక కాబట్టి బిడ్డకు భయం లేదన్నారు. అయినా బెంగళూరు నుంచి చిన్నది తన రిపోర్టు పంపేదాకా నాకు నిద్ర లేదు. మా ఆయనకూ ఆ జబ్బు లేదని రిపోర్టు వచ్చింది.

ఇంట్లో తంతు వేరు. మా వదిన నా స్టీలు గ్లాసు అడుగున నెయిల్‌పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టింది. "మూడు దినాలు పసరు తాగితే పోతాదిలే" అని ధైర్యం కూడా చెప్పింది. ఇది రక్తం ద్వారా అంటుకునేది, ఎంగిలితో కాదని ఎంత చెప్పినా తలూపేది, చుక్క మాత్రం చెరిపేది కాదు. ఓ మధ్యాహ్నం ఎండన పడి వచ్చి, చేతికందిన గ్లాసులో మజ్జిగ గడగడా తాగేసింది. అడుగున చుక్క నేను చూశాను. చెప్పలేదు.

కాలేయం ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్‌లో పక్కటెముకల మధ్య చల్లటి జెల్ రాసి, వేలితో తట్టినట్టు టక్ టక్‌మనిపించారు. కాలేయం కొంత గట్టిపడింది, సిర్రోసిస్ దాకా, అంటే కాలేయమంతా మచ్చకట్టిపోయేదాకా పోలేదు. సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ అనే మాత్రలు, రోజుకు ఒక్కోటి, 84 రోజులు. అమెరికాలో 2013లో సోఫోస్బువిర్ వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లట. మన దేశంలో 2018లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం కింద నాకు ఉచితంగా వచ్చాయి. వైరస్ తన నకలు రాసుకునేటప్పుడు సోఫోస్బువిర్ దొంగ అక్షరంలా మధ్యలో దూరుతుందని, ఆ వాక్యం ఇక ముందుకు సాగదని డాక్టరు చెప్పాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. మొదటి వారం తలనొప్పి, తర్వాత ఏమీ లేదు.

మాత్రలు అయిపోయిన పన్నెండు వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, రక్తంలో వైరస్సే ఉందా అని చూసేది. వైరస్ కనబడలేదు. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించాను.

రాళ్లు మాత్రం అట్లే ఉన్నాయి. 2023లో ఇంకో ఆసుపత్రికి వెళ్తే మళ్లీ అదే లైను, అదే రియాక్టివ్. వైరస్ పోయినా, దానితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు ఒంట్లో ఉండిపోతాయి, ఆ పరీక్ష చూసేది వాటినే. డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్ల. నా లామినేషన్ కాగితాన్ని వాళ్ల రిపోర్టు పక్కన పెట్టి రెండుసార్లు చదివింది. తర్వాత ఆపరేషన్ల జాబితా తెప్పించి, నా పేరు పక్కన ఎర్రగా రాసినదాన్ని కొట్టేసింది.