ఇంజన్ వణుకుతోందా? పార్టులు కొనే ముందు ఏ సిలిండరో తేల్చండి

ఐడ్లింగ్‌లో ఇంజన్ వణుకుతోందని షెడ్డుకు వెళ్తే సాధారణంగా ముందు ప్లగ్గులు మారతాయి. తగ్గకపోతే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్, అదీ కాకపోతే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ క్లీనింగ్. ఇవన్నీ అయ్యాక తప్పు ఇంజన్ మౌంటింగ్‌లో (ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలో) ఉందని తేలితే పెట్టిన డబ్బు వెనక్కి రాదు. పానా పట్టుకునే ముందు తేలాల్సిన విషయం ఒక్కటే. ఒక సిలిండర్ మిస్ అవుతోందా (అంటే అందులో పెట్రోల్ మండటం లేదా), అన్నిట్లోనూ మండటం సరిగా లేదా, లేక ఇంజన్ బాగానే ఉండి దాని కదలిక బాడీకి తగులుతోందా? ఈ మూడింటికీ వెతికే దారులు వేరు.

మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌లో క్రాంక్ 240 డిగ్రీలు తిరిగితే గానీ తర్వాతి పవర్ స్ట్రోక్ రాదు, నాలుగు సిలిండర్లలో 180 డిగ్రీలకే వస్తుంది. ఆల్టో, క్విడ్ లాంటి కార్లలో ఐడ్లింగ్‌లో కొద్దిపాటి అదురు అందుకే ఉంటుంది, అది జబ్బు కాదు. ఒకే లయలో వచ్చే అదురును వదిలేయొచ్చు. మధ్యమధ్యలో తడబడుతూ, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే గాలి తెగి తెగి వస్తుంటే మాత్రం మిస్సింగ్ ఉన్నట్టే. ఇక వేగం 80 కిలోమీటర్లు దాటాక మాత్రమే వణికితే బండి ఆపి, న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎంకు రేజ్ చేయండి. అప్పుడు వణుకు లేకపోతే వీల్ బ్యాలెన్సింగో, టైరో, డ్రైవ్ షాఫ్టో చూసుకోవాలి. ఇంజన్ జోలికి వెళ్లక్కర్లేదు.

మౌంటింగ్ పరీక్షకు ఇద్దరు కావాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి, ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ను కొద్దిగా వదిలి ఇంజన్ మీద లోడ్ పడగానే మళ్లీ తొక్కాలి. తర్వాత రివర్స్‌లోనూ అంతే. ఆటోమేటిక్ అయితే డి, ఆర్ మధ్య మారిస్తే చాలు. రెండో మనిషి బానెట్ తెరిచి పక్క నుంచి చూడాలి, బండి ముందు నిలబడకూడదు. ఇంజన్ ఒక వైపు ఎగిరి టక్కున పడితే రబ్బరు చీలినట్టు. స్విచ్ ఆఫ్ చేసినప్పుడు పెద్ద కుదుపు రావడం కూడా దీని గుర్తే. ఎక్కువగా పోయేది కింద వెనక వైపు ఉండే టార్క్ మౌంటింగ్. పై నుంచి కనబడదు కాబట్టి చాలామంది చూడరు.

మౌంటింగులు బాగున్నాయంటే సిలిండర్ల వైపు రావాలి. పాత పద్ధతిలో ప్లగ్ వైరు పీకి చూసేవాళ్లు. ఇప్పటి ఇంజన్లలో ఆ పని చేయొద్దు. మనిషికి షాక్ కొడుతుంది, కాయిల్ పాడవుతుంది, మండని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాలుస్తుంది. దాని బదులు ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి మళ్లీ పెట్టండి. తీయగానే వణుకు పెరిగితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తీసినా తేడా తెలియని సిలిండరే దొంగ. ఆర్‌పీఎం మీటర్ మీద ఆధారపడకండి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) వెంటనే ఐడ్లింగ్ సర్దేస్తుంది. చెవితో, చేత్తోనే తెలుసుకోవాలి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లకు మాత్రం ఈ పరీక్ష వద్దు, అక్కడ ఇంజెక్టర్ వోల్టేజి ఎక్కువ. ఈసీయూలోని తప్పుల కోడ్లు చదివే స్కానర్‌తోనే చూడాలి.

స్కానర్ ఉంటే పని ఇంకా సులువు. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది. పి0300 వస్తే మిస్సింగ్ ఏ ఒక్క సిలిండర్‌కో పరిమితం కాలేదన్నమాట. కోడ్ సిలిండర్‌ను చూపిస్తుందే గానీ చెడిన పార్టును చెప్పదు. ఉదాహరణకు పి0302 వస్తే రెండో కాయిల్‌ను మూడో సిలిండర్‌కు పెట్టి, కోడ్ చెరిపి నడపండి. ఈసారి పి0303 వస్తే కాయిల్ పోయింది. పి0302 అలాగే ఉంటే ప్లగ్గును, తర్వాత ఇంజెక్టర్‌ను అలాగే మార్చి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, నా దృష్టిలో దీన్ని మించింది లేదు. కొన్ని నాలుగు సిలిండర్ల ఇంజన్లలో 1, 4 సిలిండర్లకు ఒక కాయిల్, 2, 3 సిలిండర్లకు మరొకటి ఉంటుంది. అలాంటి వాటిలో ఒక జత మొత్తం మిస్ అయితే ముందు కాయిల్‌నే అనుమానించాలి.

ప్లగ్గు విప్పాక మార్చేసి పారేయకుండా వెలుతురులో చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా స్పార్క్ బలహీనం. నూనె తడి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో కారుతున్నాయి. పెట్రోల్ తడి ఉంటే స్పార్క్ రావడం లేదు. పింగాణీ మీద నిలువుగా సన్నటి నల్ల గీత ఉంటే స్పార్క్ పక్కదారి పట్టి బాడీకి పోతోంది. అప్పుడు ప్లగ్గుతో పాటు కాయిల్ రబ్బరు బూటు కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్గు మీదా అదే గీత పడుతుంది.

ప్లగ్ గుంటల్లోకి టార్చి వేసి చూడటం మర్చిపోకండి. వాల్వ్ కవర్ ప్యాకింగ్ పోతే గుంటలో ఆయిల్ నిలిచి బూటు మెత్తబడుతుంది. ఇంజన్ మీద ప్రెషర్ వాటర్ కొట్టించిన మర్నాడు మిస్సింగ్ మొదలైతే గుంటలో నీళ్లుంటాయి. గాలి కొట్టి ఆరబెడితే చాలు. మన దగ్గర ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. ఇంజెక్టర్ వైరు పైకి బాగానే కనిపించి ఇంజన్ వెనక కొరికి ఉండొచ్చు. ఇంజెక్టర్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి చెవి దగ్గర పెడితే టిక్ టిక్ వినపడాలి. వినపడకపోతే మల్టీమీటర్ పెట్టండి. మామూలు పోర్ట్ ఇంజెక్టర్లలో చాలావాటికి 12 నుంచి 16 ఓములు ఉంటుంది. అది సరిగా ఉంటే ముందు వైరింగ్‌ను అనుమానించాలి.

స్పార్క్, పెట్రోల్ రెండూ అందుతున్నా అదే సిలిండర్ మిస్ అవుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) చూడాల్సిందే. ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు తీసేసి, ప్లగ్ రంధ్రానికి కంప్రెషన్ గేజ్ బిగించి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. ఆరోగ్యమైన పెట్రోల్ ఇంజన్‌లో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్‌ఐ వస్తుంది. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది 10-15 శాతం దాటకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. ప్రెషర్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండూ తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి.

సీఎన్‌జీ మీద నడిచే కార్లకు ఇక్కడో ప్రత్యేక సమస్య ఉంది. వాల్వ్ సీటు అరిగి వాల్వ్ పైకి జరిగేకొద్దీ ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే సందు) తగ్గిపోతుంది. శబ్దం లేదు కాబట్టి ఇంజన్ బాగుందనుకుంటారు. నిజానికి వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోక ఐడ్లింగ్‌లో వణుకుతుంది. ఇలాంటి బండికి ప్లగ్గులు ఎన్ని మార్చినా లాభం లేదు, ట్యాపెట్ సెట్టింగ్ చేయించాలి. గ్యాస్ మీద వణికి, పెట్రోల్‌కు మార్చగానే తగ్గితే ముందు గ్యాస్ ఫిల్టర్, రెగ్యులేటర్, గ్యాస్ ఇంజెక్టర్లు చూడండి. ప్లగ్గులను కూడా వదలొద్దు. సీఎన్‌జీని మండించడానికి స్పార్క్ వోల్టేజి ఎక్కువ కావాలి, అరిగిన ప్లగ్గు పెట్రోల్ మీద నెట్టుకొచ్చినా గ్యాస్ మీద దొరికిపోతుంది.

అన్ని సిలిండర్లూ సమానంగా తడబడుతుంటే గాలి వైపు చూడాలి. మన రోడ్ల మీది చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి లోపలికి పోయే గాలిని మ్యానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోని) మ్యాప్ సెన్సర్ ప్రెషర్ ద్వారా లెక్కిస్తుంది. అందుకే వీటిలో గొట్టం చీలి గాలి లీకైతే, అంతర్జాలంలో చదివినట్టు పి0171 కోడ్ (గాలికి తగ్గ పెట్రోల్ లేదని చెప్పేది) వస్తుందని ఎదురుచూడకండి. లీకైన గాలినీ సెన్సర్ లెక్కలో వేసుకుంటుంది, దాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది. ఫలితంగా ఐడ్లింగ్ పెరుగుతుంది, లేదా పైకీ కిందికీ ఊగుతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేస్తే స్కానర్‌లో మ్యాప్ రీడింగ్ బయటి గాలి ఒత్తిడిని చూపాలి. విశాఖలో 100 కిలోపాస్కల్ దగ్గర, ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర. అంతకన్నా బాగా తేడా ఉంటే సెన్సరే అబద్ధం చెబుతోంది. వేడెక్కిన ఇంజన్, ఏసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు 30 నుంచి 40 మధ్య ఉండాలి. 50 దాటితే గాలి లీకు, తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), జారిన టైమింగ్ చైను, ఈ మూడింటినీ వరసగా చూడండి. లీకు పట్టడానికి గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి పట్టండి. ఏది నొక్కితే ఐడ్లింగ్ మారుతుందో అటువైపు వెతకాలి. ఇంజన్ లోపలి ఆవిరిని మ్యానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ వాల్వు గొట్టాన్ని మొదట చూడండి, ఆయిల్ ఆవిరికి అదే ముందు పగులుతుంది.

ఏసీ వేసినప్పుడే వణికితే చాలాసార్లు థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వదిలే రెక్క ఉండే చోట) కార్బన్ పేరుకుని ఉంటుంది. కంప్రెసర్ లోడ్‌కు తగ్గట్టు గాలి పెరగదు. థ్రాటిల్ క్లీనర్‌తో గుడ్డ తడిపి తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే కీ ఆన్‌లో ఉండగా రెక్కను వేలితో నెట్టొద్దు, గేర్లు విరుగుతాయి. శుభ్రం చేశాక ఐడ్లింగ్ కాసేపు ఎక్కువుంటే కంగారు పడకండి, ఈసీయూ మళ్లీ నేర్చుకోవాలి. కొన్ని కార్లకు స్కానర్‌తో రీసెట్ చేయాలి.

ట్యాంకు నింపించిన రోజు నుంచే మొదలైతే పెట్రోల్‌నే అనుమానించండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లోకి నీళ్లు ఎక్కువగా చేరితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగుతాయి, పంపు ముందు పీల్చేది ఆ అడుగునే. గాజు సీసాలో కొంచెం తీసి అరగంట ఉంచితే రెండు పొరలు కనబడతాయి. కనబడితే ట్యాంకు దించి కడగాల్సిందే, పైన మళ్లీ పెట్రోల్ పోయిస్తే పోదు.

ఏ పరీక్ష మధ్యలో ఉన్నా చెక్ ఇంజన్ లైట్ మిణుకుతూ వెలిగితే బండి నడపడం ఆపేయండి. నిలకడగా వెలిగితే షెడ్డు దాకా మెల్లగా పోవచ్చు. మిణుకుతోందంటే మాత్రం ఆ క్షణంలోనే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలుతోంది, దాని ధర ముందు కాయిల్ ధర ఒక లెక్క కాదు.