మిగిలిపోయిన చీజ్‌తో కారం టార్ట్

పిల్లల పిజ్జా పార్టీ అయిపోయాక మా ఫ్రిజ్‌లో ఎప్పుడూ మిగిలేవి ఇవే: సగం ప్యాకెట్ మొజరెల్లా తురుము, అంచులు ఎండిన స్లైసులు, క్యూబులు కొన్ని. ఈసారి చుట్టాలు తెచ్చిన చెడ్డార్ ముక్క కూడా ఉంది. విడివిడిగా ఏదీ దేనికీ చాలదు, రేటు తలచుకుంటే పారెయ్యబుద్ధి కాదు. అందుకే అన్నీ కలిపి టార్ట్ చేసేస్తా. తీపిది కాదు, మైదా పిండి అడుగులో గుడ్లు, క్రీమ్ పోసి కాల్చే ఫ్రెంచివాళ్ల కీష్ లాంటిది. తమాషా ఏంటంటే, ఫ్రాన్స్‌లో కీష్ పుట్టిన లొరేన్ ప్రాంతంలో పాతకాలపు కీష్‌లో అసలు చీజే వేసేవాళ్లు కాదు, గుడ్లు, క్రీమ్, పంది మాంసం ముక్కలు, అంతే.

ముందు బూజు చూసుకోండి. తురుముకో స్లైసుకో బూజు పట్టి ఉంటే మొత్తం పారెయ్యాలి, గట్టి చెడ్డార్ అయితే బూజు చుట్టూ అంగుళం మేర కోసేసి మిగతాది వాడొచ్చు.

అసలు కష్టం చీజ్‌తో కాదు, మన నెల్లూరు ఎండతో. కజ్జికాయల పిండిలో నెయ్యి కాచి పోస్తాం కదా గుల్లగా రావాలని, ఇక్కడ కావాల్సిందీ ఆ గుల్లతనమే గానీ దారి పూర్తిగా ఉల్టా, వెన్న గట్టిగా చల్లగా ఉండాలి. కరిగిందంటే పిండి జిగురుగా సాగి, కాలాక అట్టలా తయారవుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఈ పని పెట్టుకోకండి, పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే కానిచ్చెయ్యండి. 200 గ్రాముల మైదాలో 100 గ్రాముల వెన్న ముక్కలు వేసి, అరచెయ్యి తగలకుండా వేళ్ల కొనలతోనే రవ్వలా నలిపి, ఐస్ నీళ్లు మూడు నాలుగు చెంచాలు చిలకరించి ముద్ద చెయ్యాలి. చపాతీ పిండిలా మర్దనా చేస్తే మొదటికే మోసం. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఒత్తి, తొమ్మిది అంగుళాల టిన్నులో పరిచి, మళ్లీ కాసేపు ఫ్రిజ్‌లోనే ఉంచండి.

తర్వాత దాని మీద బేకింగ్ పేపర్ వేసి, పిండి పొంగకుండా బరువుకి ఎండు శనగలు నింపి ఒవెన్‌లో 190 డిగ్రీల్లో పావుగంట కాల్చాలి. శనగలు, పేపర్ తీసేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. ఈ పని ఎగ్గొడితే అడుగు పచ్చిగా ఉండిపోతుంది. ఆ శనగలు ఇక కూరకి పనికిరావు, డబ్బాలో పోసి ఇందుకే దాచుకోండి.

లోపలికి నేను వేసేది ఉల్లిపాయలు, మునగాకు. ఉల్లిపాయల్ని సన్నమంట మీద ఎర్రబడేదాకా ఓపిగ్గా వేయించి, మునగాకు, పచ్చిమిర్చి వేసి తడి మొత్తం ఇగిరిపోనివ్వాలి. మునగాకు చిరుచేదుకి చీజ్ ఉప్పదనం బాగా కుదురుతుంది. నెల్లూరోళ్లం కదా, రొయ్యలు వెయ్యమని ఇంట్లో గొడవ. నేనైతే ఒప్పుకోను, మంచి రొయ్యల్ని చీజ్ కింద పాతిపెట్టడం ఏం న్యాయం? వాటిని ఇగురు చేసుకుని తినండి హాయిగా.

చీజ్‌లు కలపడంలోనే రుచంతా ఉంది. చెడ్డార్‌ది పులుపు, ఘాటు. మొజరెల్లాకి సాగుడే తప్ప రుచి తక్కువ. క్యూబులు, స్లైసులు నునుపుగా కరుగుతాయి గానీ ఉప్పు ఎక్కువ, అందుకే గుడ్ల మిశ్రమంలో వేరే ఉప్పు వెయ్యను. మూడు గుడ్లు, 200 మి.లీ. క్రీమ్, 100 మి.లీ. పాలు, మిరియాల పొడి గిలక్కొట్టి, కాల్చిన పిండిలో ఉల్లిపాయ, మునగాకు కూర పరిచి, దాని మీద చీజ్ చల్లి, పైన ఇది పోసి, ఒవెన్‌లో 170 డిగ్రీల్లో అరగంట. టిన్ను కదిపితే మధ్యలో కొంచెం వణుకుతున్నప్పుడే తీసెయ్యండి, పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే గుడ్డు విరిగి నీరు ఊరుతుంది.

కోసే ముందు పావుగంటన్నా ఆగాలి, మా పిల్లలు ఆగరు, అది వేరే సంగతి. అత్తయ్య మొదట ముక్కు విరిచారు గానీ పక్కన కాస్త గోంగూర పచ్చడి వేసుకుని రెండో ముక్క అడిగారు. మిగిలితే మర్నాడు మైక్రోవేవ్‌లో పెట్టకండి, అడుగు మెత్తబడిపోతుంది. పెనం మీద సన్నమంటన మూతపెట్టి వేడి చేస్తే మళ్లీ కరకరలాడుతుంది.